శబ్దలేఖనం

పాఠ్యభాగ సందర్భం

గుంటూరు జిల్లా పల్లెల్లో, పట్టణాల్లో ఎన్నో ఇళ్లలో పాత ఇనుపపెట్టెలు తెరిస్తే అడుగున కొన్ని కేసెట్లు కనిపిస్తాయి. తాతగారు పాడిన నాటక పద్యం, ఊరి గుడిలో చెప్పిన బుర్రకథ, పెళ్లిలో ముత్తైదువలు పాడిన పాట వాటిలో ఉంటాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరచే విధానాన్నీ, అందులో ఎదురయ్యే చిక్కులనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

మాట పుట్టిన మరుక్షణంలోనే నశిస్తుంది. ఈ నశ్వరత్వాన్ని జయించడానికే మానవుడు లిపిని కల్పించుకొన్నాడు. కాని లిపి అర్థాన్ని నిలిపినంతగా కంఠాన్ని నిలపలేదు. ఇందుకు మన సాహిత్య చరిత్రలోనే గొప్ప నిదర్శనం ఉంది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యుల కాలంలో రాగిరేకుల మీద చెక్కించారు. అవి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలపాటు చెక్కుచెదరక నిలిచాయి. పన్నెండు వేలకు మించిన కీర్తనలు మనకు దక్కాయి. ప్రతి కీర్తనకూ రాగం పేరు కూడ చెక్కారు. అయితే ఆ రాగంలో అన్నమయ్య ఏ బాణీలో పాడాడో రాగిరేకు చెప్పలేదు. అందువల్లనే ఇరవయ్యవ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఆ పదాలకు మళ్లీ స్వరాలు కూర్చవలసి వచ్చింది. సాహిత్యం పదకవితా పితామహునిదే. మనం వింటున్న వరుసలు మాత్రం తరువాతి వారివి.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టడంతో ఈ లోటు తీరే మార్గం ఏర్పడింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను సంస్థ ముద్రించింది. తరువాతి దశాబ్దాలలో తెలుగు రంగస్థల నటుల పద్యాలు కూడ రికార్డులుగా వచ్చాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెంలో ఒక ముఖం మీద సాధారణంగా సుమారు మూడు నిమిషాలే పట్టేది. రంగస్థలం మీద పద్యం చివర పదినిమిషాలు రాగం తీసే నటుడు అక్కడ గడియారం చూసుకొని ఆపవలసిందే. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆరంభమైన తరువాత కృష్ణా, గుంటూరు మండలాల కళాకారులకు విశాలమైన వేదిక దొరికింది. అయినా ఊరి తిరునాళ్లలో, రచ్చబండ దగ్గర, పంట చేతికొచ్చిన తరువాతి రాత్రులలో సాగిన కళ అంతా ఆకాశవాణి వరకు వెళ్లలేదు. పొన్నెకల్లు గ్రామంలో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను దేశమంతటా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆయన పేరు చరిత్రలో నిలిచింది. అదే కాలంలో అదే జిల్లాలో గుమ్మెట వాయించిన ఎందరో వంతల పేర్లు కూడ మనకు తెలియవు. అటువంటివారి గొంతులకు మిగిలిన ఒకే ఒక ఆధారం, ఆనాడు ఎవరో ఔత్సాహికుడు టేపురికార్డరు మీట నొక్కి పట్టిన కేసెట్టు.

ఆ కేసెట్టు చిరంజీవి కాదు. ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన అయస్కాంతపు పొడిలోనే శబ్దం దాగి ఉంటుంది. తేమకు, ఎండకు, కాలానికి ఆ పూత రాలుతుంది, పట్టీ సాగుతుంది, కొన్నిచోట్ల బూజు పడుతుంది. దానిని వినిపించే యంత్రాలు కూడ అరుదైపోయాయి. కాబట్టి కేసెట్టులోని శబ్దాన్ని కంప్యూటరులోకి మార్చడం సరదాగా చేసే పని కాదు. తాళపత్రాలు పురుగు తినకముందే లేఖకులు కొత్త ఆకుల మీద తిరగరాసినట్టు, ఇది కూడ ప్రతి తీసే పనే.

ఈ కొత్త లేఖనంలో గంటం పాత్ర వహించేది సౌండు కార్డు. గాలిలోని కంపనం మైక్రోఫోనులో చిన్న విద్యుత్తరంగంగా మారుతుంది. ఆ తరంగం ఎడతెగని ధార. కంప్యూటరుకు మాత్రం అంకెలు తప్ప మరేమీ తెలియవు. సౌండు కార్డు ఆ ధారను క్షణక్షణం కొలిచి అంకెలుగా రాస్తుంది. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 సార్లు కొలవాలి. మనిషి చెవి సుమారు 20,000 కంపనాల వరకు వింటుంది. ఒక కంపనాన్ని పట్టుకోవాలంటే దానికి రెట్టింపునకు మించి కొలతలు కావాలన్న సూత్రం వల్ల ఈ సంఖ్య ఏర్పడింది. ప్రతి కొలతనూ 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టుగా గుర్తిస్తారు. దీనినే 16 బిట్ల లేఖనం అంటారు.

మన ఛందశ్శాస్త్రం కూడ కాలాన్ని కొలిచే శాస్త్రమే. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు, హల్లుకు అరమాత్ర అని ప్రాచీనులు నిర్ణయించారు. ఒక లఘువును పలకడానికి సెకనులో అయిదోవంతు పడుతుందనుకొంటే, ఆ ఒక్క లఘువును సౌండు కార్డు 8,820 సార్లు కొలుస్తుంది. అయినా గణం తప్పిందో లేదో చెప్పలేదు. కొలవడం దాని పని. వినడం మన పని.

ఒకప్పుడు ఈ కార్డును విడిగా కొని కంప్యూటరులో అమర్చేవారు. సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ వీటిలో ప్రసిద్ధమైనది. 1997లో ఇంటెల్ రూపొందించిన ఏసీ 97 ప్రమాణం తరువాత సౌండు కార్డు క్రమంగా మదర్‌బోర్డులోనే కలిసిపోయింది. ఇప్పుడు ల్యాప్‌టాపు కొన్నవారిలో చాలామందికి తమ దగ్గర సౌండు కార్డు ఉందన్న సంగతే తెలియదు. అది పలకనప్పుడు మాత్రమే తెలుస్తుంది. శబ్దాన్ని పట్టడానికి వాడే సాఫ్ట్‌వేరులలో ఆడాసిటీ బాగా వ్యాప్తిలో ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ ప్రారంభించిన ఈ సాఫ్ట్‌వేరు 2000లో మొదటిసారి విడుదలైంది. దీనికి రుసుము లేదు.

ఇప్పుడొక సందర్భాన్ని ఊహించుకొందాం. తాడేపల్లిలో ఒక ఇంటర్మీడియెట్ విద్యార్థిని తన తాతగారు పాడిన సత్యహరిశ్చంద్ర పద్యాల కేసెట్టును ల్యాప్‌టాపులోకి ఎక్కించాలనుకొంది. తాతగారు గతించారు. ఆ గొంతుకు రెండో ప్రతి లేదు. పక్కింటి నుండి టేపురికార్డరు అడిగి తెచ్చింది. దాని హెడ్‌ఫోను రంధ్రం నుండి ల్యాప్‌టాపు రంధ్రానికి తీగ కలిపింది. ఆడాసిటీ తెరిచి ఎర్రచుక్క నొక్కింది. టేపు తిరుగుతూనే ఉంది. తెర మీద మాత్రం అడ్డంగా ఒక సన్నని గీత తప్ప ఏమీ లేదు. మరోసారి నొక్కితే గీత కదిలింది కాని, అందులో వినిపించినవి గదిలోని పంకా శబ్దమూ, కృష్ణా కెనాల్ జంక్షనులో ఆగిన రైలు కూతాను. పద్యం జాడ లేదు.

ఇటువంటప్పుడు తోచిన మీటలన్నీ నొక్కడం వ్యర్థం. శబ్దం నడిచే దారి వెంట మనం కూడ నడవాలి. అంతకంటె ముందు చేయవలసిన పని ఒకటుంది. తాతగారి కేసెట్టును యంత్రం నుండి తీసి పక్కన పెట్టి, పోయినా బాధలేని సినిమా పాటల కేసెట్టు ఒకటి అందులో ఉంచాలి. జీర్ణమైన పట్టీ ఎన్నిసార్లు తిరిగితే తెగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ప్రయోగాలన్నీ సినిమా పాట మీద జరగాలి. అసలు కేసెట్టు తిరగవలసింది ఒకే ఒకసారి.

మొదటి మజిలీ రంధ్రం. పాత డెస్క్‌టాపు కంప్యూటర్ల వెనుక మూడు రంగుల రంధ్రాలుండేవి. గులాబీ రంగుది మైక్రోఫోనుకు, లేతనీలం రంగుది టేపురికార్డరు వంటి యంత్రాలకు, ఆకుపచ్చది స్పీకర్లకు. మైక్రోఫోను ఇచ్చే విద్యుత్తు అతిస్వల్పం, వోల్టులో కొన్ని వేలవంతులు. అందుచేత ఆ రంధ్రంలోకి వచ్చిన దానిని కంప్యూటరు ఎన్నోరెట్లు పెంచుతుంది. టేపురికార్డరు ఇచ్చేది దానికంటె వందల రెట్లు బలమైనది. దానిని గులాబీ రంధ్రంలో పెడితే పెరిగినదే మళ్లీ పెరిగి, గొంతు బొంగురుపోతుంది. ఇప్పటి ల్యాప్‌టాపులలో చాలావాటికి ఒకే రంధ్రం. అది హెడ్‌ఫోనుకూ, దానికి అతికించిన మైకుకూ కలిపి చేసినది. టేపురికార్డరు నుండి వచ్చిన మామూలు తీగను అందులో గుచ్చితే, కంప్యూటరు దానిని హెడ్‌ఫోను అనుకొంటుంది. శబ్దాన్ని దానిలోకి పంపాలని చూస్తుందే తప్ప దాని నుండి గ్రహించదు. అప్పుడు ల్యాప్‌టాపు చట్రంలో దాగిన చిన్న మైకు ఒక్కటే వింటూ ఉంటుంది. మన విద్యార్థినికి పద్యానికి బదులు రైలుకూత వినిపించడానికి కారణం ఇదే. దీనికి మందు యూఎస్‌బీ రంధ్రానికి తగిలించే చిన్న బాహ్య సౌండు కార్డు. కొనేటప్పుడు దానిమీద లైన్-ఇన్ అని రాసి ఉన్నదో లేదో చూడాలి. మైకు రంధ్రం మాత్రమే ఉన్నది కొంటే మొదటి చిక్కే మళ్లీ వస్తుంది.

రెండో మజిలీ డ్రైవరు. పేరు చూసి బండి తోలేవాడనుకోకూడదు, వీడు దుభాషి. కల్నల్ కాలిన్ మెకంజీ మన పల్లెల కైఫీయతులు సేకరించినప్పుడు కావలి వెంకట బొర్రయ్య వంటి దుభాషీలు లేకుంటే ఆయనకు ఒక్క ఊరి కథ కూడ తెలిసేది కాదు. సౌండు కార్డు భాష వేరు, కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ భాష వేరు. నడుమ దుభాషి లేకపోయినా, పాతబడిన దుభాషి ఉన్నా కార్డు ఉండి కూడ లేనట్టే. విండోసులో డివైస్ మేనేజరు తెరిచి చూస్తే కార్డు పేరు కనిపించాలి. పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు ఉంటే డ్రైవరును కొత్తగా ఎక్కించాలి. లినక్సు వ్యవస్థలో ఆల్సా అనే భాగం ఈ బాధ్యత వహిస్తుంది. అక్కడ కార్డును గుర్తించిన తరువాత కూడ శబ్దగ్రహణపు మీట మూసి ఉండడం సామాన్యం. ఆల్సా మిక్సరులో దానిని తెరవాలి.

కార్డు గుర్తింపు పొందినంత మాత్రాన పని పూర్తికాదు. కంప్యూటరులో వినే చెవులు రెండు మూడుంటాయి: చట్రంలోని మైకు, బాహ్య సౌండు కార్డు, ఒక్కొక్కప్పుడు వెబ్‌కెమెరాలోని మైకు. వీటిలో ఏ చెవితో వినాలో ఆడాసిటీకి మనమే చెప్పాలి. సాఫ్ట్‌వేరు తెరిచిన తరువాత యూఎస్‌బీ కార్డును తగిలిస్తే అది జాబితాలో కనిపించకపోవచ్చు. ఆడాసిటీని మూసి తెరవాలి, లేదా పరికరాల జాబితాను మళ్లీ చదవమనాలి. గీత కదలకుండా ఉండడానికి మరొక కారణం అనుమతి లేకపోవడం. విండోస్ 10, 11లలో మైక్రోఫోనును ఏ సాఫ్ట్‌వేరు వాడుకోవచ్చునో గోప్యతా విభాగంలో నిర్ణయిస్తారు. ఆ అనుమతి లేకుంటే ఆడాసిటీ శబ్దాన్ని పట్టలేదు.

శబ్దం కనిపించింది. ఇక దాని స్థాయి. రికార్డింగు మట్టాన్ని చూపే పట్టీ మీద కుడికొసన సున్న ఉంటుంది. ఈ సున్న శూన్యం కాదు, పైకప్పు. దానికి దిగువన రుణసంఖ్యలుంటాయి. పద్యం తారస్థాయికి చేరినప్పుడు కూడ పట్టీ మైనస్ 6 దాటకుండా చూసుకోవాలి. కప్పును తాకిన తరంగం తల తెగిపోతుంది. గోపురం మీద కలశం విరిగితే మళ్లీ చేయించవచ్చు. తెగిన తరంగపు శిఖరం ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు గనుక దానిని మళ్లీ కట్టలేము. చిన్నగా రికార్డైన దానిని తరువాత పెంచుకోవచ్చు. మీట తగ్గించి ఉంచడమే క్షేమం.

ఇంతవరకు చెప్పినవన్నీ శబ్దం రాకపోవడానికి కారణాలు. శబ్దం వచ్చిన తరువాత దానిని చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి, నా దృష్టిలో ఇవే ప్రమాదకరం. ఎందుకంటే అవి మనకు మేలు చేస్తున్నట్టు కనిపిస్తాయి. ఇప్పటి కంప్యూటర్లలో, ఫోనులలో రొదను తొలగించే ఏర్పాటు ముందుగానే పనిచేస్తూ ఉంటుంది. సంభాషణలు స్పష్టంగా వినిపించడానికి దానిని చేశారు. మార్పులేకుండా నిలకడగా మోగేదంతా రొద అని దాని సిద్ధాంతం. పంకా శబ్దం అటువంటిదే, నిజమే. కాని హార్మోనియం శ్రుతి, తంబురా నాదం కూడ అటువంటివే కదా! పద్యానికి ప్రాణాధారమైన శ్రుతిని ఆ ఏర్పాటు మురికిగా భావించి కడిగివేస్తుంది. దానికి తోడుగా శబ్దాన్ని తనంతట తాను హెచ్చించి తగ్గించే మరొక ఏర్పాటు ఉంటుంది. హరిశ్చంద్రుడు కాటిలో గొంతు తగ్గించి పలికిన మాటా, ఎలుగెత్తి పాడిన పద్యపాదమూ దాని చేతిలో ఒకే ఎత్తుకు వస్తాయి. నటుడు సంవత్సరాల సాధనతో సంపాదించిన హెచ్చుతగ్గులు క్షణంలో చదునైపోతాయి. సౌండు సెట్టింగులలో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే పేరుతో ఉన్న వీటన్నింటినీ రికార్డింగునకు ముందే ఆపివేయాలి. రొద తీయవలసివస్తే, ఉన్నది ఉన్నట్టు భద్రపరచిన తరువాత దాని నకలు మీద తీయాలి. పరిష్కర్త తాళపత్రం మీదనే దిద్దుబాట్లు చేయడు కదా.

కొలతల వేగం విషయంలో కూడ పొరపాటు జరుగుతుంది. కొన్ని కార్డులు సెకనుకు 48,000 సార్లు కొలుస్తాయి. ఈ తేడాను ఇప్పటి వ్యవస్థలు చాలావరకు తామే సర్దుతాయి. అయినా 48,000 కొలతలతో రాసిన శబ్దాన్ని 44,100గా భావించి వినిపిస్తే గంట పద్యాలు 65 నిమిషాలకు పైగా సాగుతాయి. శ్రుతి సుమారు ఒకటిన్నర అర్ధస్వరం దిగుతుంది. అయిదు శ్రుతిలో పాడినవారు నాలుగుకూ నాలుగున్నరకూ నడుమ, ఏ హార్మోనియం మెట్టుకూ అందనిచోట పాడినట్టు వినిపిస్తారు. రాగం చెడదు, గొంతు మాత్రం వేరొకరిదవుతుంది. టేపురికార్డరులోని రబ్బరు పట్టా వదులైనా ఇలాగే జరుగుతుంది. అందుకే ఆ గొంతు తెలిసిన పెద్దవారిని ఒకరిని దగ్గర కూర్చోబెట్టుకొని వినిపించడం మంచిది. “మా అన్న గొంతు ఇంత బరువు కాదమ్మా” అని ఒక ముసలమ్మ అంటే, ఏ కొలతపరికరమూ చెప్పలేని సాక్ష్యం దొరికినట్టే.

ఇక హుంకారం. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతో దిశ మార్చుకొంటూ ప్రవహిస్తుంది. ఎర్తింగు సరిగా లేని ఇళ్లలో ఆ కంపనం తీగల ద్వారా రికార్డింగులో చేరి, శ్రుతి కలవని తంబురాలా మోగుతుంది. ఛార్జరు తీసివేసి బ్యాటరీతో ల్యాప్‌టాపును నడిపితే చాలాసార్లు అది తగ్గుతుంది. శబ్దం తెచ్చే తీగను కరెంటు తీగకు దూరంగా ఉంచాలి.

కేసెట్టు కాక, సజీవంగా ఉన్న కళాకారుని గొంతునే పట్టదలచినవారు గదిని కూడ చూసుకోవాలి. తాడేపల్లి వంటి ఊరిలో ఒకవైపు జాతీయరహదారి, ఒకవైపు రైలుమార్గం. నిశ్శబ్దం దొరికేది తెల్లవారుజామున మాత్రమే. ఉత్త గోడల గదిలో ప్రతిధ్వని పద్యాన్ని మింగేస్తుంది. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. పత్తి పండే సీమ మనది. ఇంట్లోని దూది పరుపులు, బొంతలు గోడలకు ఆనించి నిలబెడితే ప్రతిధ్వని చాలావరకు అణుగుతుంది. వేసవిలో పంకా ఆపి పాడమనడం కష్టమే. రెండు పద్యాలకొకసారి విశ్రాంతి ఇచ్చి, మజ్జిగ ఇచ్చి, మళ్లీ మొదలుపెట్టాలి.

రికార్డు చేసిన శబ్దాన్ని మొదట వేవ్ రూపంలోనే భద్రపరచాలి. రెండు ఛానెళ్లలో నిమిషానికి సుమారు 10.6 మెగాబైట్లు, గంటకు 635 మెగాబైట్లు పడుతుంది. బంధువులకు పంపడానికి ఎంపీ3 రూపం సరిపోతుంది. అది చెవికి అంతగా అందని భాగాలను వదలివేసి చిన్నదవుతుంది. వదలినది తిరిగి రాదు. కనుక ఎంపీ3ని మూలప్రతిగా ఉంచుకోరాదు. మరొక సంగతి, ఈ పనిలో తొందర కుదరదు. అరవై నిమిషాల కేసెట్టుకు అరవై నిమిషాలూ కూర్చోవలసిందే.

మన ప్రాచీన కవులు ప్రతి ఆశ్వాసం చివర గద్య రాసేవారు. కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, ఎన్నో ఆశ్వాసమో అందులో ఉండేవి. ఆకులు విడిపోయి కలగలిసినా, ఆ గద్య ఆధారంగా పండితులు గ్రంథాన్ని గుర్తుపట్టగలిగారు. కంప్యూటరులో రికార్డింగ్ 1, రికార్డింగ్ 2 అని ఉన్న వాటికి గద్య లేదు. పాడినది ఎవరు, ఏ ఊరు, ఏ నాటకం, హార్మోనియం ఎవరిది, ఏ సంవత్సరంలో పట్టినది, కంప్యూటరులోకి ఎప్పుడు ఎవరు మార్చారు, ఈ వివరాలను అదే పేరుతో మరొక ఫైలులో రాసి దాని పక్కనే ఉంచాలి. వీలైతే విద్యార్థిని తన గొంతుతోనే వాటిని చదివి రికార్డింగు మొదట చేర్చవచ్చు. ప్రతులు రెండుచోట్ల, వేరువేరు పరికరాలలో ఉండాలి. చివరి నిమిషం వరకు విని, సరిగా వచ్చిందని నిర్ధారించుకొన్న తరువాతనే కేసెట్టును తిరిగి పెట్టెలో పెట్టాలి, పారవేయకూడదు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కేసెట్టులోని శబ్దం కంప్యూటరులో వినిపించనప్పుడు ఏయే మజిలీలలో పరిశీలించాలో వివరించండి.
2. రొదను తొలగించే ఏర్పాటు వల్ల పద్యగానానికి కలిగే నష్టాన్ని చర్చించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. అన్నమాచార్యుల రాగిరేకులు దేనిని నిలిపాయి? దేనిని నిలపలేకపోయాయి?
2. డ్రైవరును రచయిత దుభాషితో ఎందుకు పోల్చారు?
3. ఎంపీ3ని మూలప్రతిగా ఎందుకు ఉంచుకోరాదు?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఎప్పుడు ఆరంభమైంది?
2. షేక్ నాజర్ ఏ గ్రామంలో పుట్టారు?
3. రికార్డింగు మట్టంలో సున్న దేనిని సూచిస్తుంది?

భాషాభ్యాసం
శబ్దతరంగం, రాగిరేకు, తాళపత్రం: ఈ సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.

ప్రాజెక్టు పని
మీ ఊరిలో పద్యం పాడగల పెద్దవారిని ఒకరిని కలిసి, వారి అనుమతితో ఒక పద్యాన్ని రికార్డు చేయండి. దానికి గద్య రాసి జతపరచండి.